పంతొమ్మిదో పటం

బస్సు పదింటికి వస్తుంది, అంటే ఇంకా గంట ఉంది, గంటంటే తక్కువేమీ కాదు, గంటలో ఒక పటం దింపి, వెనక మేకులు లాగి, అద్దం తీసి తుడిచి, చివికిన అట్ట మార్చి, మళ్ళీ మేకులు దిగేసి, గోడకి తగిలించి, కిందికి దిగి నాలుగడుగులు వెనక్కి వేసి వంకరగా ఉందో తిన్నగా ఉందో చూసుకుని, ఆపైన తీరిగ్గా ఒక సిగరెట్టు కూడా కాల్చుకోవచ్చు. నిన్నా ఇవాళా కలిపి పద్దెనిమిది పటాలకి అదే చేశాడు. మిగిలింది పంతొమ్మిదోది. నిచ్చెన దాని కిందే వేసి అరగంటయింది. తుడిచే గుడ్డ రెండో మెట్టు మీద వేలాడుతోంది, తను మాత్రం ఎక్కకుండా కుర్చీలో కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటున్నాడు, మోకాళ్ళకేం నొప్పి లేదు, అరవై ఆరేళ్ళొచ్చినా ఇంకా కప్పులెక్కి దూలాలు సరిచేసే వడ్రంగికి ఏడు మెట్ల నిచ్చెన ఒక లెక్కా. హాలు ఖాళీగా ఉంది. బయట బోర్డు మీద యుద్ధవీరుల స్మారక మందిరం అని ఉంటుంది గానీ ఊళ్ళో ఎవరికీ అంత ఓపిక లేదు, హాలు అంటారు, కంటి పరీక్షలకీ, పెళ్ళి విందులకీ, ఓట్లకీ, వాన కురిస్తే ధాన్యం బస్తాలు పెట్టుకోడానికీ అదే హాలు, ఏడాదికి ఒక్కరోజు మాత్రం బస్తాలు బయటికి పోయి జనం గొంతులు తగ్గించుకుని లోపలికి వస్తారు. ఆ రోజు ఇవాళే. పదిన్నరకి పేర్లు చదువుతారు. నలభై అయిదేళ్ళ కిందటి యుద్ధానికి ఈ ఊరి నుంచి వెళ్ళిన పంతొమ్మిది మందీ ఈ గోడ మీద ఉన్నారు, పదకొండు మంది తిరిగి రాలేదు, ఎనిమిది మంది వచ్చారు, వచ్చినవాళ్ళలో ఇప్పటికి ఇద్దరే మిగిలారు. పంతొమ్మిది ఫ్రేములూ చేసింది తనే. చివరిది అన్నయ్యది, కనీసం కింద రాసి ఉన్న పేరు అన్నయ్యది.

పదింటి బస్సులో అమ్మలు వస్తుంది. అన్నయ్య కూతురు. తండ్రి పోయిన నాలుగు నెలలకి పుట్టింది, ఇప్పుడు నలభై నాలుగేళ్ళు, పట్నం ఆస్పత్రిలో కంటి వార్డు నర్సు, ఆమె గొంతు వింటే డాక్టర్లు కూడా సర్దుకుని కూర్చుంటారట, అయినా తనకి మాత్రం అమ్మలే. ఏటా ఈ రోజుకి తప్పకుండా వస్తుంది, ఎప్పుడూ వచ్చేదే, అందులో కంగారు పడాల్సిందేముంది, కానీ నిన్న మధ్యాహ్నం భోజనం చేస్తుండగా ఫోను వచ్చింది. "బాబాయ్, నాన్న ఫోటో దొరికింది," అంది. వార్డులో ఒక ముసలాయనకి రెండు కళ్ళకీ శుక్లాలు తీశారట, మాటల్లో మాట నీది ఏ ఊరమ్మా అని అడిగి, ఊరి పేరు చెప్పగానే ఆయనే అన్నయ్య పేరు ఎత్తాడట, మీ నాన్నా నేనూ నాలుగు నెలలు ఒకే గుడారంలో పడుకున్నామన్నాడట, కొడుకుని పంపించి ఇంట్లో ఉన్న గ్రూపు ఫోటో తెప్పించాడట. "పద్నాలుగు మంది ఉన్నారు బాబాయ్. భూతద్దం పెట్టి చూశాను, నాన్న ఎవరో నాకు తెలియట్లేదు. ఆయన్ని చూపించమందామంటే కళ్ళకి కట్లున్నాయి, మంగళవారం దాకా విప్పరు. నువ్వైతే టక్కున పట్టేస్తావు. రేపు తెస్తున్నా." అలాగే అమ్మలూ అన్నాడు. ఇంకేమంటాడు. చెయ్యి కడుక్కుని లేచి, కడుక్కున్న సంగతి మరిచిపోయి మళ్ళీ కడుక్కున్నాడు.

పద్నాలుగు మందిలో ఎలా కనపడతాడు, గోడ మీద ఉన్న ముఖం కోసం వెతికితే ఎక్కడ దొరుకుతాడు. అన్నయ్యకి ఫోటో అంటూ ఒకటి లేదు. ఆ రోజుల్లో ఫోటో అంటే ఒకరోజు పని మానుకోవాలి, అన్నయ్యకి పని మానుకోవడం ఒంటికి పడదు, పెళ్ళికి పిలిచిన ఫోటోగ్రాఫరు దారిలో సైకిలు చెడిపోయి విందు అయ్యాక వచ్చాడు, వచ్చినందుకు ఖాళీ బల్లల్ని ఫోటో తీసుకుని పోయాడు. సైన్యం వాళ్ళ దగ్గర ఒకటి ఉండకపోతుందా అని హాలు కమిటీ మూడు ఉత్తరాలు రాసింది, మూడిటికీ ఒకటే జవాబు వచ్చింది, మీ ఉత్తరం అందినది అని. హాలు తెరిచే రోజు దగ్గరపడింది, పద్దెనిమిది ఫ్రేముల్లోకీ పద్దెనిమిది ఫోటోలు వచ్చి కూర్చున్నాయి, పంతొమ్మిదోది తన కొట్లో గోడకి ఆనించి ఉంది, దాని గుండా గోడ సున్నం కనిపించేది. వదిన పిల్లని చంకన వేసుకుని వచ్చింది, పిల్లకి మూడో ఏడు నడుస్తోంది, నేల మీద చెక్కపొట్టు తీసి నోట్లో పెట్టుకుంటుంటే వదిన తీసేస్తోంది, తీసేస్తూనే అడిగింది, "మన ఫ్రేములో ఏం పెడతావు?" పేరు రాయిస్తాను వదినా, పెద్ద అక్షరాలతో, అన్నాడు, నోట్లో మేకులు ఉండటం వల్ల సరిగ్గా పలకలేదు. వదిన పిల్ల చేతిలోంచి ఇంకో పొట్టు ముక్క లాగింది. "రేపు ఇది పెద్దదై మా నాన్న ఎలా ఉండేవాడని అడిగితే అక్షరాలు చూపించనా?" అంది. అతని వంక చూడకుండా, "మీ ఇద్దరిదీ ఒకటే పోలిక అంటారు కదా అందరూ," అంది. మేకులు మింగేసేవాడే. అది తప్పు వదినా అని తను అన్నట్టు చాలా ఏళ్ళపాటు అనుకున్నాడు, అన్నానని నమ్మాడు కూడా, వదిన పోయినేడాది పోయాక, ఆ మాట విన్న మనిషి లేకుండా పోయాక, అప్పుడు నిజం గుర్తొచ్చింది, తను ఏమీ అనలేదు. మేకులు చేతిలోకి ఊసుకుని సరే అన్నాడు.

ఫోటోకి కావలసిన సైన్యం కోటుని బెల్టు మామ ఇచ్చాడు. యుద్ధం నుంచి మోకాలు చెడగొట్టుకుని వచ్చినవాడు, అప్పట్నుంచీ ఏ ప్యాంటు మీదైనా సైన్యం బెల్టే పెడతాడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఎందుకని అడగలేదు, పెట్టెలోంచి తీసి, దులిపి, మడత విప్పి ఇచ్చాడు. పట్నంలో ఫోటో కొట్టు మేడ మీద ఉండేది, ఇరుకు గది, వెనక గుడ్డ మీద మేఘాలు వేసి ఉన్నాయి, ఫోటోగ్రాఫరు కెమేరా నల్లగుడ్డ చాటునుంచి తల బయటపెట్టి, "ఏంటయ్యా అలా ముడుచుకుపోయావ్, ఛాతీ విరిచి కూర్చో, సైనికుడివి కదా," అన్నాడు. విరిచాడు. కడుపు నిండా గాలి పీల్చి బిగబట్టాడు, కోటు గుండీలు పిగిలిపోయేంత, దీపం వెలిగింది, కళ్ళు చెదిరాయి, ఆ క్షణంలోనే అర్థమైంది తను ఏం చేశాడో, ఏం చేస్తున్నాడో. ఎందుకంటే అప్పటికి మూడేళ్ళ కిందట బడి వసారాలో సైన్యంవాడొకడు టేపు పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికొకరు రావాలన్నారు. ఇంట్లో ఇద్దరు, అన్నయ్యకి పెళ్ళయి ఆరు నెలలు, తనకి ఇరవై ఒకటి, పని నేర్చుకుంటున్న వయసు, వెళ్ళాల్సింది ఎవరో ఎవరూ చెప్పక్కర్లేదు, అమ్మ సంచీ కూడా సర్దేసింది, తనూ సరేనన్నాడు, తనకి ధైర్యంగా ఉంటుందని అన్నయ్య వరసలో వెనక నిలబడ్డాడు. టేపు చల్లగా వీపుకి తగిలింది. "గాలి పీల్చు," అన్నాడు వాడు. పీల్చినట్టు భుజాలు పైకెత్తాడు. గాలి తీసుకోలేదు. ఉన్నది కూడా ముక్కులోంచి మెల్లగా వదిలేశాడు. రెండు వేళ్ళు తక్కువ అన్నాడు వాడు, తర్వాత ఎవరు అన్నాడు. వెనకనుంచి అన్నయ్య నవ్వాడు, "మావాడు చెక్కపొట్టు పీల్చీ పీల్చీ ఇలా తయారయ్యాడండీ," అని చొక్కా గుండీలు విప్పుకుంటూ ముందుకొచ్చాడు. అంత తేలిగ్గా, ఎండలో ఆరేసిన బట్టలు తీసుకురావడానికి బయటికి వెళ్ళే మనిషిలాగా. ఆ టేపు సంగతి వదినకి తెలియదు, అమ్మ అది తెలియకుండానే పోయింది, తనకి పెళ్ళై ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన భార్యకి కూడా చెప్పలేదు. కానీ గోడ మీద ఫోటో చెప్తుంది, చూడగలిగినవాడికి. ఆ ఛాతీకి రెండు వేళ్ళేం తక్కువ.

ఫోటో గోడకెక్కిన నెలలోనే మీసం పెంచాడు. ఎందుకురా అని ఎవరైనా అంటే వయసొచ్చింది కదా అన్నాడు. ఎవరూ పోలిక కలపకుండా ఉండటానికి ఆ మీసం చాలింది, తర్వాత వయసే మిగతా పని చేసింది, జుట్టు పోయింది, బుగ్గలు జారాయి, గోడ మీదవాడు మాత్రం ఇరవై నాలుగు దాటకుండా కూర్చున్నాడు. అమ్మలు నడక వచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడికే వచ్చేది. హాలు కుర్చీలూ బల్లలూ కిటికీ రెక్కలూ ఏది ఊడినా తనే కదా బాగుచేసేది, తన వెంట వచ్చి, తను ఒక మూల పని చేసుకుంటుంటే అది ఈ మూల నిలబడి తల పైకెత్తి కబుర్లు చెప్పేది. నాన్నా, ఇవాళ నాకు ముందు పన్ను ఊడింది. నాన్నా, బాబాయ్ నాకు చెక్క బాతు చేశాడు, దాని మెడ విరిగింది, బాబాయ్‌తో చెప్పకు. బాబాయ్ పదడుగుల అవతల కూర్చుని ఉలి నూరుకుంటూ అన్నీ వినేవాడు. తర్వాత ఇంటికి నడుస్తూ అడిగేది, నాన్నకి ఏం ఇష్టం, నాన్న కోపిష్టా, నాన్న ఈదేవాడా. మొదట్లో నిజమే చెప్పాడు. తర్వాత తర్వాత గుర్తున్నవి అయిపోయాయి, పిల్ల ప్రశ్నలు అయిపోలేదు, అప్పుడు తనవి చెప్పడం మొదలుపెట్టాడు, నాన్నకి పచ్చి చెక్క వాసన ఇష్టం, నాన్న ఉరుములంటే భయపడేవాడు, ఏది అన్నయ్యదో ఏది తనదో విడదీసి పెట్టుకోవాలని అనుకునేవాడు, పెట్టుకోలేదు. పెళ్ళినాడు అమ్మలు కొత్త బట్టల్లో, కాబోయే మొగుడితో ఇక్కడికొచ్చి నిలబడింది. ఇదిగో నాన్నా, ఇతనే, అంది. ఆ పిల్లాడు బుద్ధిగా తల వంచాడు. తను గుమ్మం దగ్గర బల్లలు సర్దుతున్నాడు, చేతిలో బల్ల అలాగే ఉండిపోయింది, ఆశీర్వదించాలనిపించింది, ఎక్కడ నిలబడి ఆశీర్వదించాలో తెలియలేదు. పిల్లల్లేని మనిషికి ఆ ఒక్కరోజు మాత్రం నిండుగా అనిపించింది, అలా అనిపించినందుకు వారం రోజులు తనని తను తిట్టుకున్నాడు.

మంగళవారం కట్లు విప్పుతారు. ముసలాయన అసలువాణ్ణి చూపించేస్తాడు, అది లేకపోతే దారి ఉండేది. పద్నాలుగు మందిలో కాస్త తనలా ఉన్నవాణ్ణి చూసి వేలు పెట్టేస్తే అమ్మలు వాణ్ణే తండ్రనుకుని ఫ్రేము కట్టించుకుని ఇంట్లో పెట్టుకునేది, ఒక అబద్ధం చెప్పినవాడికి రెండోది కష్టమేమీ కాదు. లేదంటే కళ్ళు సరిగ్గా కనపడట్లేదు అమ్మలూ అనొచ్చు, కంటి వార్డు నర్సుతో అనే మాటా అది. రేపే పట్నం లాక్కుపోతుంది. ఇవన్నీ ఒక ఎత్తు, అసలు భయం ఇంకొకటి ఉంది, నిన్నట్నుంచీ దాని చుట్టూ తిరుగుతున్నాడు గానీ లోపలికి వెళ్ళట్లేదు. అన్నయ్య ముఖం తనకి గుర్తులేదు. కళ్ళు మూసుకుని అన్నయ్యా అనుకుంటే ఇదే కనపడుతుంది, ఈ కోటు, ఈ మేఘాల గుడ్డ, ఈ ఉబ్బిన ఛాతీ. ఎప్పట్నుంచి ఇలా అయిందో కూడా తెలియదు, ఒకరోజు వెతికితే లేదు, అంతే. గుర్తున్నదల్లా వెనక మెడ. అన్నయ్య సైకిలు తొక్కేవాడు, తను వెనక కూర్చునేవాడు, బడికీ, పనికీ, పొలానికీ, పదేళ్ళపాటు వెనకే కూర్చున్నవాడికి మెడే గుర్తుంటుంది, చొక్కా కాలరు పైన ఎండకి కమిలిన చర్మం, జుట్టు కత్తిరించుకున్న మర్నాడు కనపడే తెల్లటి గీత, ఎత్తు ఎక్కేటప్పుడు బిగిసే రెండు నరాలు. గ్రూపు ఫోటోలో మెడలెవరు చూపిస్తారు. ఇదిగో అమ్మలూ మీ నాన్న అని చూపించడానికి తనకే తెలియకపోతే, గోడ మీదున్నది మీ నాన్న కాదని చెప్పి, అసలు నాన్న ఎవరో నాకూ తెలియదని చెప్తే, ఆ పిల్లకి ఏం మిగిలినట్టు. ఉన్న ఒక్క ముఖమూ లాక్కుని చేతులు దులుపుకున్నట్టు కాదా.

లేచి నిచ్చెనెక్కాడు. పటం దింపకుండా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు, ముఖానికి ముఖం, జానెడు దూరం. ఏడాది దుమ్ము అద్దం మీద పొరగా ఉంది. చెయ్యి జారితే చాలు. ఏడు మెట్ల ఎత్తునుంచి గచ్చు మీద పడితే అద్దం ముక్కలవుతుంది, ముక్కలు ఫోటోని కోస్తాయి, అయ్యో అనుకుంటారు, పెద్దవాడు కదా పాపం అనుకుంటారు, గోడ ఖాళీ అవుతుంది, అప్పుడు అమ్మలు తెచ్చిన ఫోటోలోంచి అసలువాణ్ణి పెద్దది చేయించి పెట్టొచ్చు, పోల్చి చూడటానికి ఇంకేమీ మిగలదు. ఎంత చక్కగా ఉంది. వేళ్ళు కొంచెం వదులయ్యాయి కూడా. "పట్టుకో జాగ్రత్తగా," అన్నాడు ఎవరో కింద. బెల్టు మామ. ఎప్పుడొచ్చాడో, ఎప్పట్లాగే గంట ముందే వచ్చి తన పటం కింద తన కుర్చీలో కూర్చుని కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. గోడ మీద ఉండి ఇంకా బతికున్నవాణ్ణి నేనొక్కణ్ణే అని వచ్చినవాళ్ళందరికీ గొప్పలు చెప్తాడు, మంచానపడ్డ రెండో ఆయన్ని లెక్కలోకి రానివ్వడు.

"మూడో గుండీ చూడు," అన్నాడు బెల్టు మామ. "నల్లదారంతో కుట్టి ఉంటుంది. ఖాకీ దారం దొరకలేదని మా ఆవిడ నల్లదారంతో కుట్టింది. ఇక్కణ్ణుంచి కూడా కనపడుతుంది నాకు."

అతను మూడో గుండీ చూశాడు, నల్లదారమే. "తెలిసే ఊరుకున్నావా మామా."

"నేనేంటి, ఊరే ఊరుకుంది. మీ అన్నని ఎరిగినవాళ్ళు అప్పట్లో ఎంతమంది, ఒక్కరైనా అన్నారా? మీ వదిన ఆ పిల్లని ఎత్తుకుని అక్కడ నిలబడి నాన్న నాన్న అని చూపిస్తుంటే ఎవడికి నోరొస్తుంది. చెప్పకూడదని ఎవరూ అనుకోలేదు కూడా. అంతే, ఎవరూ చెప్పలేదు." కర్రతో నేల మీద తట్టాడు. "దిగు. పడితే తుడిచేవాళ్ళు లేరిక్కడ."

దిగాడు. తుడవలేదు. అంటే ఇన్నేళ్ళూ దాచుకున్నానని అనుకున్నది ఊరంతటి ముందూ గోడకి కొట్టి ఉంది, తను మీసం చాటున తిరుగుతుంటే పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ పైకీ కిందికీ చూసి నోరు మూసుకున్నారు, ఇప్పుడు వాళ్ళలో బెల్టు మామ తప్ప ఎవరూ లేరు, తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయి అబద్ధమొక్కటే మిగిలింది. కోపం రావాలి, రాలేదు, అలసట వచ్చింది. గుండీ చూసినవాళ్ళు ఛాతీ కూడా చూసి ఉంటారా అనుకున్నాడు. బయట బస్సు హారను వినపడింది, పదికి ఇంకా అయిదు నిమిషాలుంది, జీవితంలో ఎన్నడూ టైముకి రాని బస్సు ఇవాళ ముందే వచ్చింది.

అమ్మలు లోపలికి వస్తూనే చెప్పులు విడిచి, బెల్టు మామని పలకరించి, ఒక్కసారి గోడ వైపు తలెత్తి, ఎప్పుడూ చేసే పనే, తర్వాత సంచీలోంచి ఎక్స్‌రే కవరు తీసింది. ఫోటో మడత పడకుండా అందులో పెట్టి తెచ్చిందట. బల్ల మీద కవరు పరిచి దాని మీద ఫోటో పెట్టి, "రా బాబాయ్, వెలుతురు ఇటుంది," అంది. "నేనైతే ఈ ఇద్దర్లో ఒకరనుకున్నా," అని రెండుచోట్ల వేలు పెట్టింది. ఆ ఇద్దరూ తనలాగే ఉన్నారు. ఆ వేలు చూస్తూనే ఉన్నాడు, చూపు మాత్రం ముందే వెళ్ళిపోయింది. వెతకాల్సిన పని పడలేదు. రెండో వరసలో చివర, కెమేరా వైపు చూడకుండా పక్కవాడి వైపు తిరిగి ఏదో చెప్తున్నాడు, నోరు సగం తెరుచుకుని ఉంది, కాస్త వంకర ముక్కు, వెడల్పు బుగ్గలు, నుదుటి మీద అప్పుడే పలచబడ్డ జుట్టు. ఎక్కడుంది పోలిక, ఎవరన్నారు ఒకటే పోలికని. తనలో ఒక్క వెంట్రుకంత కూడా లేడు ఆ మనిషి. నలభై అయిదేళ్ళు, ఇలా చేత్తో తీసిపెట్టినట్టు. భయపడాల్సినవాడికి ముందు సంతోషం వేసింది, మోకాళ్ళలోంచి పైకి వచ్చినంత సంతోషం, అన్నయ్యా అని పిలవబోయి ఆపుకున్నాడు. వేలు తనంతట తనే వెళ్ళి ఆ మనిషి పక్కన ఆగింది.

"ఇతనా?" అంది అమ్మలు. వంగి చూసింది. "పోలికే లేదే." గోడ మీద పటం వంక చూసింది, మళ్ళీ ఫోటో, మళ్ళీ పటం. తర్వాత అతని వైపు తిరిగింది. రోజుకి యాభై మంది కళ్ళల్లోకి చూసే మనిషి, తొందరపడకుండా చూసింది, నుదురు, కనుబొమలు, ముక్కు, మీసం దగ్గర ఆగింది. అతను ఏ మాటలు అనుకుని పెట్టుకున్నాడో అవేవీ లేవు. "అది నేను అమ్మలూ," అన్నాడు. బెల్టు మామ కర్ర పట్టుకుని మెల్లగా లేచి బయటికి వెళ్ళిపోయాడు.

"అమ్మకి తెలుసా?"

"అమ్మే అడిగింది. నేను కాదనలేదు."

"పరీక్ష తప్పినప్పుడు ఇక్కడ నిలబడి ఏడ్చాను నేను. నువ్వు ఆ మూల కుర్చీ కాలు బిగిస్తున్నావు."

"విన్నాను," అన్నాడు. అదొక్కటే నిజం చేతిలో ఉంది, అదే ఇచ్చాడు. ఆమె ముఖంలో ఏదో కదిలి ఆగిపోయింది, కోపమో ఇంకేమిటో అతనికి తెలియలేదు, కోపమైతే బాగుండుననిపించింది. తలుపు దగ్గర జనం అలికిడి మొదలైంది, పిల్లలు, ముసలాళ్ళు, ఉతికిన చొక్కాలు. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పడు, బడి వసారా, చల్లటి టేపు, అదీ చెప్పేస్తే అయిపోతుంది, మనసులో ఏమీ మిగలదు. "ఇంకొకటి ఉంది అమ్మలూ, మీ నాన్న వెళ్ళే ముందు," అన్నాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది, వార్డులో రోగుల్ని ఆపినట్టుగా. "ఇవాళ్టికి చాలు బాబాయ్," అంది. బాబాయ్ అంది. అతను ఆ మాటని పట్టుకున్నాడు, అలవాటుగా వచ్చిందని తెలిసి కూడా పట్టుకున్నాడు. ఆమె ఫోటోని కవర్లో పెట్టుకుని జనంలోకి వెళ్ళిపోయింది.

నిచ్చెన తీసి మూలన పెట్టే టైము మాత్రమే దొరికింది. ఇక్కడ పద్ధతి ఏమిటంటే ఎవరి మనిషి పటం కింద ఆ ఇంటివాళ్ళు నిలబడతారు, బెల్టు మామ కాగితం చూసి పేర్లు చదువుతాడు, పేరు వినపడగానే ఆ ఇంట్లోంచి ఒకరు ఉన్నాడు అని పలకాలి, పోయినవాడైనా సరే ఉన్నాడనే పలకాలి. హాలు తెరిచిన ఏడు ఎవరో ముసలావిడ ఏడుపు ఆపుకోలేక అలా అరిచింది, మరుసటి ఏడు అందరూ అన్నారు, పద్ధతై కూర్చుంది. అన్నయ్య పేరుకి పలికేది తనే. మొదట్లో పిల్ల చిన్నదని, తర్వాత వదినకి గొంతు పెగలదని, ఆ తర్వాత అలవాటని. పక్కన వదినా అమ్మలూ నిలబడేవాళ్ళు, పోయినేడు అమ్మలొక్కతే. ఇవాళ తన పక్కన ఎవరూ లేరు. తుడవని అద్దం కింద ఒక్కడే నిలబడ్డాడు, పద్దెనిమిది పటాలు తళతళమంటున్నాయి, ఎవరైనా తలెత్తి చూస్తే ఇద్దర్నీ ఒకేసారి చూస్తారు, పైన ఉన్నవాణ్ణీ కింద ఉన్నవాణ్ణీ. అమ్మలు ఎక్కడుందా అని చూశాడు. ఎదురుగా కిటికీ దగ్గర ఉంది, వెనక గోడ మీద ఏ పటమూ లేనిచోట, ఎక్స్‌రే కవరు రెండు చేతులా గుండెకి ఆనించుకుని.

బెల్టు మామ చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరుకీ ఒక్కో మూలనుంచి జవాబు వచ్చింది, ఆడగొంతులు, మనవల గొంతులు, బెల్టు మామ తన పేరు తనే చదువుకుని ఉన్నాడు అని తనే పలికాడు, నవ్వబోయిన పిల్లల్ని పెద్దవాళ్ళు గిల్లారు. పదహారు, పదిహేడు. వెళ్ళి ఆమె పక్కన నిలబడదామా అనుకున్నాడు, హాలు మధ్యలోంచి అందరి కళ్ళ ముందూ నడవాలి, నడిచినా అక్కడ చోటిస్తుందో లేదో. పద్దెనిమిది. అన్నయ్య పేరు వినపడింది. అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. "ఉన్నాడు," అంది అమ్మలు, గట్టిగా, రోగి పేరు పిలిచే గొంతుతో, కిటికీ దగ్గర్నుంచి. తలలన్నీ అటు తిరిగాయి. బెల్టు మామ కళ్ళజోడు పైనుంచి ఆమెని చూశాడు, ఇతన్ని చూశాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇతను తెరిచిన నోరు మూసుకున్నాడు. చావు కబురు వచ్చిన రోజు ఏడవలేదు, ఫోటో ఎక్కించిన రోజు ఏడవలేదు, వదిన పోయినప్పుడు వదిన కోసం ఏడ్చాడు. ఇప్పుడు, జనం చెప్పులు వెతుక్కుంటూ కదులుతుండగా, కుర్చీ అంచు పట్టుకుని వంగిపోయి, అన్నయ్య పోయాడని ఏడ్చాడు.